కెమెరా సరే, పొద్దుగాల బండి స్టార్ట్ కావాలె గద

నల్లగొండ,
ఆదివారం

మామా,

నీ ఉత్తరం అందింది. కారు డోరుకు ఎవడో గీత పెట్టిపోయిండని రెండు పేజీల నిండ తిట్లే రాసినవ్. అడగాల్సింది మాత్రం చివర్ల ఒక్క లైను: కారు అద్దానికి పెట్టే కెమెరా (డ్యాష్‌క్యామ్) బండి ఆగినంక కూడా రాత్రంత నడవాలె, కారు బ్యాటరీ దిగొద్దు, ఎట్ల? తిట్లకు నేనేం రాయను గాని, దీనికి చెప్త.

ముందుగాల లెక్క సూడు. నీ చిన్న కారుకు ఉండేది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అనుకో (దాంట్ల ఎంత కరెంటు నిలువ ఉంటదో చెప్పే లెక్క ఇది). ముందర ఒక్కటే లెన్సు ఉన్న కెమెరా 3, 4 వాట్లు తాగుతది, అంటే బ్యాటరీ దిక్కు నుంచి 0.3 ఆంపియర్. గింతేనా అనిపిస్తది. నల్లా చుక్క చుక్క కారి తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ అయిన లెక్కనే ఇది కూడా. రోజంత నడిస్తే 7 ఆంపియర్-అవర్లు పాయె. సెంట్రల్ లాకు, గడియారం తాగేది మళ్ల వేరే. మూడు దినాలు అట్లనే నిలబెడితే సెల్ఫ్ కొట్టినప్పుడు టక్ టక్ అని ఊకోవచ్చు. ఇది కొత్త బ్యాటరీ ముచ్చట. మన ఎండలకు రెండు మూడేండ్లు ఉడికిన దాంట్ల 35 ఎక్కడుంటయి?

నువ్వేమో సోమవారం పెట్టిన బండిని శనివారం తీస్తవ్. తీసినా కూరగాయల మార్కెట్ దాకా. గంత దూరంల ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపేది) ఏం నింపుతది? కనీసం హైదరాబాద్ దిక్కు ఓ గంట నడిపిస్తే పోయిన దాంట్ల కొంతన్న మళ్ల ఎక్కుతది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: కెమెరా ఎంతసేపు నడవాలె అనేది నువ్వు కాదు, వోల్టేజీ చెప్పాలె. హార్డ్‌వైర్ కిట్ అని దొరుకుతది. 12 వోల్టులను 5 వోల్టులు చేసి కెమెరాకు ఇస్తది, బ్యాటరీ ఒక హద్దు కిందికి దిగంగనే తనే కరెంటు ఆపేస్తది. నిండ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తది, 12.2 అంటే సగం ఖాళీ, 11.8 అంటే దాదాపు అయిపోయినట్టే. కిట్టు మీద 11.8 పెట్టుకోమని కూడా ఉంటది, పెట్టకు. ఎక్కువసేపు రికార్డయితది నిజమే, గాని బ్యాటరీ లోపల ప్లేట్లు సల్ఫేట్ పట్టి పాడైతయి. నీలెక్క వారానికోసారి నడిపేటోడు 12.4 పెట్టుకోవాలె. రోజూ నడిపేటోళ్లకైతే 12.2 చాలు.

కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఫిట్టింగ్ చేసే కుర్రోడు కారు తీగ కోసి టేపు సుడతా అంటే ఒప్పుకోకు, వారంటీ పోతది. ఫ్యూజ్ ట్యాప్ అడుగు. ఫ్యూజ్ తీసి ఆ సందుల దీన్ని పెడితే పాత ఫ్యూజూ, కెమెరా ఫ్యూజూ రెండూ దాంట్లనే కూసుంటయి. కిట్టుకు మూడు తీగలు: ఒకటి ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు, ఒకటి తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకు, నల్లది బాడీ బోల్టుకు ఎర్త్. ఈ రెండో తీగతోనే బండి ఆగిందని కెమెరాకు తెలిసి పార్కింగ్ మోడ్‌లకు, అంటే ఆగిన బండిని కాపలా కాసే తీరుకు, పోతది. మొదటి రెండూ ఒక్క దగ్గరనే కలిపేసి "అయిపోయిందన్నా" అనేటోళ్లున్నరు, జర పక్కనే నిలబడు. తీగల రంగులు కంపెనీకో తీరుంటయి, కాగితం చూసుకొమ్మను. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకుల సిస్టం) ఫ్యూజుల జోలికి అస్సలు పోవద్దు. అద్దం పక్క పిల్లర్ లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే తీగ దాని వెనక నుంచి పోవాలె, ముందు నుంచి కాదు.

పవర్ బ్యాంకు పెడితే ఏమైతది అంటవేమో. చలికాలం రాత్రిపూట అయితే పెట్టుకో. ఎండాకాలం మూసిన కారుల అట్ల లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు వదిలిపెట్టుడు నాకు నచ్చదు. మే నెలల నల్లగొండ ఎండ నీకు తెల్వంది కాదు, పాలమూరు ఏం తక్కువ గాదు. కెమెరా కూడా అంతే, లోపల బ్యాటరీ ఉన్నది కాకుండ కెపాసిటర్ (కరెంటు కొద్దిసేపు దాచే, వేడికి ఓర్చుకునే భాగం) ఉన్నది చూసి కొను. కెమెరాకని విడిగా, వేడికి జర ఎక్కువ ఓర్చుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ప్యాకులొస్తయి, బండి నడిచేటప్పుడే నిండుతయి, కారు బ్యాటరీని ముట్టవు. మంచియే, గాని వాటి ధర చూస్తే డోరుకు రంగేయించుడే నయమనిపిస్తది.

ఇంకోటి, రాత్రంత వీడియో తీయాల్నా? బండికి ఏదన్న తగిలినప్పుడే లేసి రికార్డు చేసే మోడ్ పెట్టు, చాన తక్కువ తాగుతది. కాకపోతే గీత గీసేటోడు మెల్లగ గీస్తడు, సెన్సర్ కదలకపోవచ్చు. పక్క డోరు దిక్కు ముందు కెమెరా చూపు కూడా ఆనదు. నన్నడిగితే ముందు బండిని ఆ కిరాణం ముందట నుంచి తీసి లైటు స్తంభం కింద పెట్టు, అది ఫుకట్ల పని.

ఫ్యూజ్ బాక్స్ మూత లోపల దిక్కు ఒక పటం ఉంటది, ఫోటో తీసి పంపు. ఒక ఫ్యూజ్ పీకి పక్కన రూపాయి బిళ్ల పెట్టి అదీ తియ్యి. మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో అని సైజులున్నయి, ఒకదాని ట్యాప్ ఇంకోదాంట్ల పట్టది. చూసి ఏది కొనాల్నో రాస్త.

వదినను, పిల్లలను అడిగినట్టు చెప్పు.

నీ దోస్తు