స్వేల్‌డేల్ గొడ్లచావిళ్లు

చిన్నోడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. మొన్న శనివారం అక్కా బావా మమ్మల్ని లీడ్స్ నుంచి కార్లో స్వేల్‌డేల్‌కి తీసుకెళ్లారు. ఇంగ్లండ్ ఉత్తరాన స్వేల్ అనే ఏరు పారే లోయ అది. లండన్ చూసినప్పుడు రాని హుషారు నాకు అక్కడ వచ్చింది.

మ్యూకర్ అనే చిన్న ఊరు దాటితే అన్నీ గడ్డి చేలే. ఈ నెలలో గడ్డి కంటే పూలే ఎక్కువ, పసుపూ ఊదా. కోత జూలైలోనట, గడ్డి తొక్కకుండా ఒకరి వెనక ఒకరు నడవమని బోర్డు పెట్టారు. చేనుకీ చేనుకీ మధ్య సున్నం లేకుండా పేర్చిన రాతి గోడ. మనిషి దాటడానికి అందులో సన్నటి సందు. గొర్రె పట్టదు. నేనూ పట్టలేదు, అక్క చెయ్యి పట్టుకుని లాగింది.

చేలల్లో అక్కడక్కడా రాతి గొడ్లచావిళ్లు. ఒకదాని తలుపు ఊడిపోయి ఉంటే తొంగిచూశా. కింద నాలుగైదు ఆవులకి చోటు, పైన అటక. ఆ చేలో కోసిన గడ్డిని గోడ పైనున్న కన్నంలోంచి అటక మీదికి ఎగదోసేవాళ్లు. చలికాలమంతా ఆవులు అక్కడే, పేడ మళ్లీ ఆ చేనుకే. బండి కట్టే పనే లేదు! కాకపోతే రైతు మంచులో రోజుకి రెండు పూటలా చావిడి చావిడికీ తిరగాలి. ఇప్పుడు గొడ్లన్నీ ఇంటి దగ్గర పెద్ద షెడ్డులో ఉంటున్నాయి. మెషీన్ చుట్టిన గడ్డి మోపులు ఆ కన్నాల్లో పట్టవు. 1989లో ఈ చావిళ్లనీ గోడల్నీ రక్షిత ప్రాంతంగా ప్రకటించారట. ప్రకటిస్తే కప్పు నిలుస్తుందా?

నేను చూసినదాని కప్పు మన నాపరాళ్ల లాంటి పలకలు. ఒక్క పలక జారింది, దాని కింద దూలం నల్లబడి మెత్తగా అయిపోయింది. గోడ రెండు వరసలు, మధ్యలో చిన్న రాళ్లు. నీళ్లు ఆ మధ్యలోకి దిగి గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకొచ్చింది.

ఇంకా పైకెక్కితే క్రాక్‌పాట్ హాల్ అని పాడుబడ్డ రైతు ఇల్లు. ఇంగ్లీషులో క్రాక్‌పాట్ అంటే పిచ్చోడని, పేరు విని బావ పడీ పడీ నవ్వాడు. అసలు వైకింగులు మాట్లాడిన పాత నార్స్ మాటల్లో కాకుల బిలం అని అర్థమట. సీసం గనుల వల్ల నేల కుంగితే 1950ల్లో ఖాళీ చేశారు. ఆ గనులు అప్పటికే మూతపడ్డాయి. 19వ శతాబ్దం చివర్లో బయటి దేశాల చవక సీసం వచ్చేసరికి జనం బొగ్గు గనులకీ నూలు మిల్లులకీ వలసపోయారు. మొండిగోడల్లోంచి ఏరు వంపు తిరగడం కనిపిస్తుంది. అమ్మ అక్కడే కూర్చుని పులిహోర డబ్బా తీసింది.

ఫోన్లో మన చావిడి పీకేసి కారు షెడ్డు వేద్దామన్నావు కదా, నేనొచ్చాక మాట్లాడదాం. మృగశిర వచ్చేసింది. ఈశాన్యం మూల మూడు పెంకులు జారి ఉన్నాయి, ముందు అవి సర్దించు. నిచ్చెన పక్కింటి పెదనాన్న వాళ్ల దగ్గరుంది.

మీ నాన్న