కల్లూరు సంజీవరాయ శర్మ గారి పేరున విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. డిసెంబరు 22, గణిత మేధావి రామానుజన్ పుట్టినరోజు వస్తే ఆయన ఫోటోకు దండ వేస్తాం, పిల్లలకు క్విజ్ పెడతాం. ఆ రోజు నాకు ఇంకొకాయన కూడా గుర్తొస్తారు. మా పక్క ఊరు కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయ శర్మ గారు.

ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. అక్క బడి నుంచి వచ్చి పాఠాలు పైకి చదువుతుంటే పక్కన కూర్చుని విని నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఊరూరా గణితావధానాలు చేశారు, అంటే సభలో అడిగిన లెక్కలకు అప్పటికప్పుడు నోటితో జవాబు చెప్పేవారు. వయొలిన్ వాయించారు. పుట్టిన తేదీ చెబితే చాలు, వారం, తిథి, నక్షత్రం చెప్పేవారు. హైదరాబాదు సభలో ఒకసారి రెండును 103 సార్లు వేసి గుణిస్తే ఎంత అని అడిగితే, 32 అంకెల జవాబు నోటితోనే చెప్పారని మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ లెక్క నేను కాగితం మీద చేసి చూశాను. ఫోన్ కాలిక్యులేటర్ మొదటి కొన్ని అంకెలు చూపించి ఊరుకుంటుంది. రెట్టింపు చేస్తూ పోతే పదోసారికి 1024, ఇరవయ్యోసారికి పది లక్షలు దాటింది. చివరికి 10141204801825835211973625643008 వచ్చింది. నాకు గంట పట్టింది. మధ్యలో రెండు చోట్ల తప్పు పోయి మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చింది.

రామానుజన్ కొత్త సూత్రాలు కనుక్కున్న మనిషి. శర్మ గారిది గణనశక్తి. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. కానీ చూపు లేని పిల్లలకు లెక్కలు రావు అనేవాళ్లకు కల్లూరు ఎప్పుడో జవాబు చెప్పింది. ఆ జవాబు మనం వినలేదు.

నేనూ వినలేదు. మా బడిలో చూపు లేని అమ్మాయి ఒకరు ఉన్నారు. మొదటి ఏడాది లెక్కల పీరియడ్‌లో "నువ్వు ఊరికే కూర్చో తల్లీ" అనేవాణ్ణి. ఒకరోజు వడ్డీ లెక్క బోర్డు మీద రాస్తూ పైకి చదివాను. నా సుద్దముక్క ఆగకముందే వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది. సరైన జవాబు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి రోజు నుంచి చీపురుపుల్లలు అట్టకు అంటించి త్రిభుజాలు చేసి ఇస్తున్నాను. ఆమె వేళ్లతో భుజం వెంట పోయి, మూల దగ్గర ఆగి, "ఇది లంబకోణం కదా సార్" అంటుంది.

పుల్లలతో ఎంత దూరం పోగలం సార్? బీజగణితం ఎలా రాసుకోవాలి? టేలర్ ఫ్రేమ్ అని ఒక పలక ఉంది. ఎనిమిది మూలల రంధ్రాల్లో చిన్న సీసపు ముక్కలు తిప్పి పెడితే ఎటు తిరిగిందో దాన్నిబట్టి అంకె తెలుస్తుంది. తడిమి కూడికలు, భాగహారాలు చేసుకోవచ్చు. అది కావాలని రాసిన అర్జీకి రెండేళ్లుగా జవాబు లేదు. ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు, పిల్ల ఏళ్లు గడిచిపోతున్నాయని చెబుతున్నాను.

రామానుజన్ ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) పరీక్ష తప్పి, ఉద్యోగం లేక, చిరిగిన నోట్‌బుక్ పట్టుకుని 1910లో నెల్లూరు వెళ్లారు. అక్కడి కలెక్టరు రామచంద్రరావు గారు ఆ నోట్‌బుక్ తెరిచి చూశారు, ఆ తర్వాత నెలకు 25 రూపాయలు తన జేబులోంచి ఇచ్చారు. కేంబ్రిడ్జిలోని గణిత పండితుడు హార్డీకి రామానుజన్ ఉత్తరం వెళ్లింది దాని తర్వాతే.

మీ జేబులోంచి అడగడం లేదు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా చూపు లేని ప్రతి పిల్లకూ, పిల్లాడికీ టేలర్ ఫ్రేమ్, తెలుగు బ్రెయిలీలో లెక్కల పుస్తకం చేరాలి. మండలానికి ఒక లెక్కల టీచరుకైనా వాటితో చెప్పడం నేర్పించండి, మొదటి పేరు నాది రాసుకోండి. కుదిరితే శర్మ గారి మీద ఒక పాఠం కూడా పెట్టించండి. కడప పిల్లలకే ఆయన పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

మా బడిలోని ఆ అమ్మాయి జూన్‌లో పదో తరగతికి వస్తుంది.

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయుడు,
ప్రొద్దుటూరు మండలం, కడప జిల్లా