క్యారెట్ వేసేవాళ్లు ఒకసారి చూడండి

పాడేరు, అరకు వైపు ఈ చలికాలం క్యారెట్ వేసేవాళ్ల కోసం రాస్తున్నా. విత్తనం వెదజల్లకండి. పోయినేడు నేను అలాగే చల్లి, పైనుంచి కాలవ నీళ్లు వదిలాను. విత్తనమంతా కొట్టుకుపోయి కింది గట్టు దగ్గర గడ్డిలా గుబురుగా మొలిచింది!

వాలుకు అడ్డంగా, అడుగు ఎడంలో సాళ్లు తీసి, విత్తనంలో ఇసుక కలిపి సెంటీమీటరు లోతులోనే వేయండి. మొలకకు 10–15 రోజులు పడుతుంది, అన్నాళ్లూ పైమట్టి పెచ్చు కట్టకూడదు. దానికి స్ప్రింక్లరే మేలు. తర్వాత 5–8 సెంటీమీటర్లకు ఒక మొక్క ఉంచి మిగతావి పీకేయండి (మనసొప్పదు, తెలుసు). నారు పోసి నాటితే దుంప చీలిపోయి వంకరగా వస్తుంది. బాగా ఎండబెట్టి ఒక్కసారిగా తడిపినా దుంపలు పగులుతాయి.

నా స్ప్రింక్లర్ వచ్చే వారం ఖాళీ, కావాల్సినవాళ్లు ముందే చెప్పండి.