ఆరోగ్య శాఖ మంత్రి గారికి: లేబర్ రూమ్ లోపల మా వదిన పక్కనైనా నన్ను ఉండనివ్వండి

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ప్రజావాణిలో మూడు సోమవారాలు లైన్లో నిలబడి దరఖాస్తులిచ్చాను. రసీదులు మూడూ నా దగ్గరున్నాయి, జవాబు ఒక్కటీ రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

మా చెల్లెలిది తొలి కాన్పు. ప్రైవేటుకు పోతే కోసేస్తారని భయపడి, సర్కారు దవాఖానాకు నేనే నచ్చజెప్పి తీసుకెళ్లాను. భయం ఊరికే కాదు, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ప్రైవేటు కాన్పుల్లో నూటికి 81 ఆపరేషన్లే.

తెల్లవారుజామున నాలుగింటికి లోపలికి తీసుకెళ్లి నన్ను తలుపు దగ్గరే ఆపేశారు. తలుపు అవతలి నుంచి అంతా వినబడుతూనే ఉంది. చెల్లి "అమ్మా" అని అరిచింది. "నోర్ముయ్, మొగుడి దగ్గర పడుకున్నప్పుడు తెలియలేదా నొప్పి?" అన్నారు. అన్నది డాక్టరమ్మే. చెల్లి కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. నీళ్లడిగితే ఇవ్వలేదట. కాళ్లు ముడుచుకుంటే తొడ మీద కొట్టారట. పొట్ట మీద రెండు చేతులు పెట్టి నొక్కారట. బిడ్డ బయటికొచ్చే దారి దగ్గర కోత పెడుతున్నామని చెప్పనే లేదు, మత్తు పట్టకముందే కుట్లు వేశారు. మంచం ఇనుప కడ్డీ పట్టుకుని పట్టుకుని అరచేతులు కమిలిపోయాయి, రెండు రోజులు బిడ్డను సరిగా ఎత్తుకోలేకపోయింది.

మధ్యలో ఒక మిడ్‌వైఫ్ సిస్టర్, అంటే కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు, వచ్చి నడుం మీద చెయ్యేసి, "పేరేంటమ్మా?" అని అడిగిందట. అప్పటిదాకా ఆ గదిలో చెల్లిని పేరు అడిగిన మనిషి లేదు. పక్కకు తిరిగి పడుకోమని, మెల్లగా ఊపిరి తీసుకోమని చెప్పింది. అరగంటకే "ఇది మా కేసు" అని ఆమెను పంపించేశారు. 2017లో కరీంనగర్‌లో నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది మన రాష్ట్రమే కదా అయ్యా. నేర్పించి, పక్కన నిలబడనివ్వకపోతే ఎలా?

కాన్పు వేళ అయినవాళ్లలో ఒక ఆడమనిషి తోడుండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. అందరికీ కోత పెట్టవద్దు, పొట్ట నొక్కవద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. లేబర్ రూముల్లో మంచి వైద్యం అందాలని కేంద్రం పెట్టిన 'లక్ష్య' కార్యక్రమం బోర్డు ఆ గది గోడకే ఉంది, నేను ఐదు గంటలు దాని కిందే నిలబడ్డాను.

తల్లీబిడ్డా క్షేమమే కదా, ఇంకేం కావాలి అంటున్నారు అందరూ. బిడ్డకు నాలుగు నెలలు. చెల్లి ఇప్పటికీ ఆ దవాఖానా ముందు నుంచి ఆటో పోనివ్వదు. రెండో కాన్పు మాటెత్తితే, "ప్రైవేటులో ఆపరేషన్ చేయిస్తానంటేనే కంటా" అంటోంది. ఆపరేషన్లు తగ్గించమని సమీక్షలు పెడుతున్నారు కదా, ఈ భయం లెక్క ఎవరైనా తీశారా అయ్యా? చదువుకున్న ఆడపిల్లలు కూడా ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకుంటున్నారంటే, నొప్పులతో పాటు ఈ మాటలు పడలేకే చాలామంది.

రాత్రంతా నిద్రలేని ఆ డాక్టరమ్మ మీద నాకు పగ లేదు. ఆ మాట ఆమె పుట్టించింది కాదు, చదువుకునేటప్పుడు పెద్ద డాక్టర్ల నోట విన్నదే అయ్యుంటుంది. ఆ పెద్దవాళ్లకు చెప్పండి. మీరు చెబితే వింటారు. తిట్టవద్దని, కొట్టవద్దని, చేసేది ముందు చెప్పి చేయమని చెప్పండి. మిడ్‌వైఫ్‌లను పని చేయనివ్వండి. తోడు మనిషిని లోపలికి రానివ్వండి.

మా వదినకు వచ్చే నెల నెలలు నిండుతాయి. మాకు ఉన్నది ఆ దవాఖానా ఒక్కటే. ఈసారైనా నన్ను తలుపు బయట నిలబెట్టవద్దని ఒక్క మాట చెప్పండి అయ్యా.

ఇట్లు,
ఒక అక్క