గేర్‌బాక్స్ ఆయిల్ మళ్ళీ మార్చాలి, కారు ఒకసారి తీసుకురండి

మన షెడ్డులో పాత కార్లకు సర్వీసు చేయించుకునే అందరికీ నమస్కారం.

గత రెండున్నర నెలల్లో ఇక్కడ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన కార్లు 14. వాటిలో 11 కార్లకు పోయకూడని ఆయిల్ పోశాం. పోసింది మా కుర్రాడే అయినా తప్పు మాత్రం నాదే. డ్రమ్ము దిగిన రోజు దాని మీద ఏం రాసుందో నేను చదవలేదు. ఆ 11 మందిలో 9 మందికి ఇప్పటికే ఫోన్ చేసి చెప్పాను. మిగతావాళ్ళు ఈ సంగతి ఇంకెవరి నోటో వినేకంటే నా నోటే వినడం మంచిదని ఇది రాస్తున్నాను.

ఏళ్ళ తరబడి ఒకే సప్లయర్ దగ్గర గేర్ ఆయిల్ తీసుకుంటున్నాను. ప్రతిసారీ నేను అడిగేది 80డబ్ల్యు-90 (ఇది చిక్కదనం), జీఎల్-4 (ఇది ఏ పనికి చేసిన నూనెో చెప్పే గుర్తు). ఈసారి కూడా అదే అడిగాను. వచ్చిన డ్రమ్ము కూడా అదే నీలం రంగు, అదే కంపెనీ, పైన పెద్ద అక్షరాలతో అదే 80డబ్ల్యు-90. కింద చిన్న అక్షరాల్లో మాత్రం జీఎల్-5 అని ఉంది. మేం ఎప్పటిలాగే చిన్న డబ్బాల్లోకి దింపుకుని వాడేశాం.

బయటపడింది ఇలా. మన పాత కస్టమర్ ఒక పెద్దాయన వచ్చి, "రెండో గేరు వేస్తుంటే గర్రుమంటోందండీ, ఆయిల్ మార్చకముందు మెత్తగా పడేది" అన్నారు. నేనే ఒక రౌండ్ తిప్పి చూశాను. ఆయన చెప్పింది నిజమే. మూడులోంచి రెండుకి దించిన ప్రతిసారీ అరుస్తోంది. ఆయిల్ ట్రేలోకి దింపి లైటు కింద పెట్టి చూస్తే, నూనె మీద బంగారం రజనులాంటి సన్నటి పొడి మెరుస్తోంది. అయస్కాంతం తిప్పాను. నల్లటి ఇనప ముద్ద కొంచెం అంటుకుంది, అది ఏ గేర్‌బాక్స్‌లోనైనా ఉండేదే. మెరిసే పొడి మాత్రం కదల్లేదు. అంటే అది ఇత్తడి, సింక్రో రింగుల (గేరు పడేముందు వేగాలు కలిపే రింగులు) నుంచి వచ్చింది. అప్పుడు వెళ్ళి డ్రమ్ము చూశాను.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే అన్న మాట ఇది: "నాలుగు కంటే ఐదు పెద్దదే కదా అన్నా, మంచి సరుకే పంపాం. ఆ డొక్కు కార్లకి ఇంత పట్టింపు దేనికి?"

సరుకు మారిపోవడం ఎవరి దగ్గరైనా జరుగుతుంది, దాన్ని క్షమించగలను. ఈ మాటను మాత్రం క్షమించలేకపోతున్నాను. మీ కార్లను డొక్కు అన్నందుకు ఎంత కోపం వచ్చిందో, ఇన్నేళ్ళు నూనెలు అమ్ముతూ కూడా ఆ నంబరుకి అర్థం తెలియనందుకు అంతకంటే ఎక్కువ వచ్చింది. జీఎల్ పక్కన ఉండే అంకె క్లాసులో ర్యాంకు కాదు, ఏ పనికి తయారుచేశారో చెప్పే గుర్తు. జీఎల్-5 వెనక ఆక్సిల్‌లోని హైపాయిడ్ గేర్ల కోసం చేసినది. అక్కడ పళ్ళు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారుతూ తిరుగుతాయి. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి గంధకం, భాస్వరం కలిపిన మందులు జీఎల్-4 కంటే చాలా ఎక్కువ వేస్తారు.

సింక్రో రింగు చేసే పని దీనికి తలకిందులు. దానికి జారుడు కాదు, పట్టు కావాలి. గేరు వేసినప్పుడు రింగు లోపలి సన్నటి గీతలు నూనె పొరను తుడిచేసి, గేరుకి ఉండే కోన్‌ను (శంకువు ఆకారపు భాగాన్ని) గట్టిగా పట్టుకుని, రెండింటి వేగాన్ని కలుపుతాయి. ఆ తర్వాతే పళ్ళు కలవాలి. నూనె పొర తెగకపోతే రింగు జారిపోతుంది, వేగాలు కలవకముందే పళ్ళు కొట్టుకుంటాయి. మీరు విన్న గర్రు చప్పుడు అదే. దానికి తోడు ఆ గంధకం వేడెక్కినప్పుడు ఇత్తడినీ కంచునూ తినేసే ప్రమాదం ఉంది. అన్ని జీఎల్-5 ఆయిల్స్ అలా తింటాయని చెప్పడం సరికాదు. మెరుగుపెట్టిన రాగి రేకును వేడి నూనెలో ముంచి రంగు ఎంత మారిందో చూసే పరీక్ష ఒకటుంది, ఈ రోజుల్లో అందులో బాగానే నిలబడే జీఎల్-5 ఆయిల్స్ కూడా ఉన్నాయి. కానీ రాగి రేకు నల్లబడకపోయినంత మాత్రాన సింక్రోకి పట్టు రాదు.

ఇక అసలు నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వని విషయం. మిగతా పదిమందికి చెప్పాలా వద్దా? షెడ్డు లెక్కలు చూసే మా తమ్ముడు, "ఎవరూ అడగలేదు కదా అన్నయ్యా, వచ్చే సర్వీసులో మామూలుగా మార్చేద్దాం, నష్టం ఏముంది" అన్నాడు. వాడి మాటలో దురుద్దేశం లేదు. నిజానికి రెండు నెలల్లో ఏ ఆయిలూ గేర్‌బాక్స్‌ను నాశనం చేసెయ్యదు. కొందరికి తేడా తెలిసే ఉండదు. చెబితే, ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న పేరు పోతుందన్న భయం నాకూ ఉంది. మొదటి రాత్రి వాడి మాటే సరి అనుకున్నాను. రెండో రాత్రి, ఫిర్యాదు చేసినవాళ్ళకి మాత్రం చెబుదాం అనుకున్నాను.

మూడో రోజు ఆ పెద్దాయన గేర్‌బాక్స్ విప్పాం. రెండో గేరు రింగు తీసి గోటితో లోపల గీశాను. కొత్త రింగులో గీతలు గోటికి తగిలి టిక్కుటిక్కుమంటాయి. ఇందులో గోరు జారిపోయింది. ఒకవైపు పూర్తిగా నున్నగా అయిపోయింది, బయటి పళ్ళ కొనలు మొద్దుబారాయి. అంత అరుగుదల రెండు నెలలది కాదు, ఆ గేర్‌బాక్స్ వయసు నలభై ఏళ్ళు పైనే. కానీ అప్పటికే అరిగి, ఏదో ఓపిక పట్టి పనిచేస్తున్న రింగు మీద మనం జారుడు నూనె పోశాం. ఆ రింగు ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు, ఇంకో గేర్‌బాక్స్ విప్పి తియ్యాల్సిందే. దాన్ని చేతిలో పట్టుకున్నాక ఇక ఆలోచించలేదు. ఆ సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టాను.

మారుస్తున్న పద్ధతి ఇది. కారును పది నిమిషాలు నడిపి వేడిగా ఉండగానే దింపుతాం, సరైన జీఎల్-4 పోస్తాం, కొంచెం తిప్పి మళ్ళీ దింపి కొత్తది పోస్తాం, ఎందుకంటే మూలల్లో పాతది ఎంతో కొంత ఉండిపోతుంది. ఒక పూట పడుతుంది. ఖర్చంతా నాదే, దాని గురించి మీరు మాట్లాడొద్దు. ఇప్పటికి 6 కార్లు అయ్యాయి. గర్రుమంటున్న మూడింటిలో రెండు ఆయిల్ మార్చగానే సర్దుకున్నాయి, మూడోది ఆ పెద్దాయనదే, రింగు వెతుకుతున్నాను.

మిగిలిన 3 కార్ల సంగతి: రెండు మినీలు, ఒక ఎంజీబీ. వాటికి ఈ గొడవ లేదు. 1959లో వచ్చిన మినీలో గేర్‌బాక్స్ ఇంజిన్ కిందే సంప్‌లో (నూనె తొట్టిలో) ఉంటుంది, రెండింటికీ ఒకే ఇంజిన్ ఆయిల్. ఎంజీబీ గేర్‌బాక్స్ విడిగానే ఉన్నా దానికీ ఇంజిన్ ఆయిలే, మనం వాడేది 20డబ్ల్యు-50. ఆ ఎంజీబీ ఆయన ఫోన్‌లో, "గేర్లకి 90 పొయ్యాలి కదా, 50 పల్చబడదా" అని అడిగారు. ఇంజిన్ ఆయిల్ కొలమానం వేరు, గేర్ ఆయిల్ కొలమానం వేరు. 100 డిగ్రీల వేడిలో ఇంజిన్ ఆయిల్ 50, గేర్ ఆయిల్ 90 చిక్కదనంలో దగ్గరదగ్గరగానే ఉంటాయి. కాబట్టి అంకె చూసి భయపడనక్కర్లేదు.

వెనక ఆక్సిల్‌లో ఈ డ్రమ్ము ఆయిల్ పోయించుకున్నవాళ్ళు అలాగే ఉంచుకోవచ్చు, హైపాయిడ్‌కి అది సరైనదే. ప్యూజో 404 లాంటివి మాత్రం వేరు, వాటి వెనక ఆక్సిల్‌లో వర్మ్ డ్రైవ్ (మరలాంటి గేరు), అది తిప్పే కంచు చక్రం ఉంటాయి. అలాంటి కారుకి ఈ డ్రమ్ములోది పోయలేదని రిజిస్టరు రెండుసార్లు చూసి చెబుతున్నాను.

ఇద్దరు ముగ్గురు, "అయితే ఇంజిన్ ఆయిల్ కూడా తప్పే పోశారా" అని అడిగారు. అడగడం మీ హక్కు, అయినా మనసుకి కష్టమనిపించింది. లేదు. ఇంజిన్ ఆయిల్ వేరే చోటి నుంచి వస్తుంది, 20డబ్ల్యు-50 మినరల్, దాని డేటా షీటు తెప్పించుకుని చూశాను. పాత ఇంజిన్లలో క్యామ్ (వాల్వులు తెరిపించే గుబ్బ) నేరుగా బల్లపరుపు ట్యాపెట్ (గుబ్బ తోసే ముక్క) మీద రుద్దుకుంటూ తిరుగుతుంది, ఆ చోటుని కాపాడేది నూనెలో ఉండే జింక్, భాస్వరం. పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా కొత్త కార్ల ఆయిల్స్‌లో ఇవి తగ్గించారు. 2004 నాటి ఏపీఐ ఎస్ఎం అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణం నుంచి పల్చటి గ్రేడ్లలో భాస్వరం 800 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 800) దాటకూడదు. మనం వాడేదాంట్లో 1000కి పైనే ఉంది. అందుకే ఇంటి నుంచి 0డబ్ల్యు-20 సింథటిక్ డబ్బా తెచ్చి "ఇదే పొయ్యండి, ఖరీదైనది" అనేవాళ్ళకి ఇకముందు కూడా నా జవాబు అదే: పొయ్యను. సింథటిక్ అనే మాటతో నాకు పేచీ లేదు, ఆ పల్చదనంతోనే. మీ ఇంజిన్ బేరింగుల సందులు ఆ నూనె కోసం పెట్టినవి కావు.

ఆ సప్లయర్‌తో లావాదేవీలు ఆపేశాను. తెరిచిన డ్రమ్ము వెనక్కి తీసుకోనన్నారు, తీసుకోకపోతే పోనీ. దాని మీద ఎర్ర రంగుతో "వెనక ఆక్సిల్‌కి మాత్రమే" అని నేనే రాసి వేరే గోడ పక్కన పెట్టాను. ఇకనుంచి ఏ డ్రమ్ము దిగినా లేబుల్ నేను చదివి సంతకం పెట్టాకే మూత తీస్తారు. మీ గేర్‌బాక్స్‌కి ఏ ఆయిల్, ఏ తేదీన పోశామో రాసిన చీటీ మీ చేతికి ఇస్తాం.

దొరకని ఇద్దరూ ఇది చదువుతారని ఆశ. ఒకరిది క్రీమ్ రంగు బీటిల్, నంబరు మారినట్టుంది. మీ కారులో గేర్‌బాక్స్‌కీ డిఫరెన్షియల్‌కీ కలిపి ఒకటే ఆయిల్, అందులోనూ జీఎల్-4 పోస్తే సరిపోతుంది. ఇంకొకరు ముదురాకుపచ్చ కారు ఆయన, ఊళ్ళో లేరని తెలిసింది. కారు తెచ్చేదాకా రెండో గేరులోకి దించేటప్పుడు బలవంతంగా తొయ్యకండి, న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి వెయ్యండి. ఆదివారం కూడా షెడ్డు తెరిచే ఉంచుతున్నాను.