ముందు నీ సంగతి చెప్పు

రాజమండ్రి

చిరంజీవి చిన్నికి అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నాలుగే మాటలు అడిగావు. మందు వేసుకున్నావా, అన్నం తిన్నావా, రక్తకణాల కౌంట్ ఎంత వచ్చింది, నాన్న ఎలా ఉన్నారు. నీ సంగతేమిటే అంటే "అంతా బాగుందమ్మా" అన్నావు. నీ గొంతు మాత్రం బాగాలేదు. పుట్టినప్పటి నుంచి వింటున్న గొంతు, నాకు తెలియదా? రాత్రంతా నిద్ర పట్టలేదు.

పోయిన శ్రావణంలో నా నడుం నొప్పి ఉత్త నొప్పి కాదని, రొమ్ము క్యాన్సరే తిరగబెట్టి వెన్నెముకకు పాకిందని స్కాన్‌లో తేలింది కదా. అప్పట్నుంచీ నువ్వు మారిపోయావు. డాక్టరమ్మ "నాలుగో స్టేజి" అన్నాక ఇంకేమీ నీ చెవికెక్కినట్టు లేదు. పూర్తిగా పోదు గానీ మందులతో అదుపులో పెట్టొచ్చు, ఒకటి పనిచెయ్యకపోతే ఇంకోటి ఉంది అని ఆవిడ తర్వాత చెప్పింది. షుగర్ లాంటిదే అనుకోండి అంది కూడా. ఆ పోలిక నాకు నచ్చలేదు. ఇది షుగర్ కంటే గట్టి శత్రువు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే బతుకుతున్నాను.

క్యాన్సర్‌కి రెండు మందులు. లెట్రోజోల్ రోజూ వేసుకుంటాను. పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. వంటింట్లో క్యాలెండర్ మీద నాన్న మందు వేసిన రోజుకు గీత, ఆపిన రోజుకు సున్నా పెడతారు. పెన్ను దారం కట్టి మేకుకి వేలాడదీశారు, ఎవరూ తియ్యకూడదని. 2023లో పాల్బోసిక్లిబ్ పేటెంట్ గడువు తీరి మన కంపెనీలు కూడా ఆ మందు చెయ్యబట్టి ధర బాగా దిగింది. అందుకని నువ్వు ఖర్చులు తగ్గించుకుని డబ్బు పంపకు.

నీరసం ఉంది, అబద్ధం చెప్పను. మధ్యాహ్నం మూడయ్యేసరికి పప్పుకి తిరగమోత పెట్టే ఓపిక కూడా ఉండదు. స్కాన్ దగ్గర పడితే టెన్షన్‌తో నాన్న మీద ఊరికే కసురుకుంటాను. ఆయన ఏమీ అనరు, మజ్జిగ కలిపి తెచ్చిస్తారు.

పాలియేటివ్ కేర్ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నానంటే నువ్వు ఏడ్చావు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళకే అది అనుకున్నావు. కాదు తల్లీ. నొప్పి తగ్గించి మనిషిని లేపి తిప్పడం వాళ్ళ పని. వాళ్ళిచ్చిన మాత్రలు మొదలుపెట్టాక రాత్రిళ్ళు పక్కకి ఒత్తిగిలి పడుకోగలుగుతున్నాను. పొద్దున్నే పుష్కర ఘాట్ దాకా నడిచి, పైమెట్టు మీద కూర్చుని, గోదావరి మీద రైలు పోయేదాకా చూసి వస్తున్నాను. ఆరు నెలల క్రితం వీధి గుమ్మం దాటలేకపోయాను, గుర్తుందా?

ఇవన్నీ నీకు తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటావని రాస్తున్నాను. నాకు కావలసింది మాత్రం వేరే ఉంది. ఇదివరకు ఫోన్ ఎత్తగానే మీ మేనేజర్ మీద, మీ ఆయన మీద, చివరికి కుదరని చారు మీద కూడా ఫిర్యాదులు చెప్పేదానివి. అరగంట విని నేను ఒక్క మాట చెబితే "సర్లే అమ్మా" అని పెట్టేసేదానివి. ఆ అరగంట నాకు కావాలే. నీ కష్టం వింటే నా జబ్బు ముదురుతుందని నీకెవరు చెప్పారు? వినకపోతేనే లేనిపోనివి ఊహించుకుంటున్నాను.

ఇంకోమాట. ఈ జబ్బు వంశంలో వచ్చేదేమో చూడ్డానికి నా రక్తం జీన్ల పరీక్షకి పంపారు. అందులో తేడా కనబడితే నువ్వూ చేయించుకోవాలి. నీ గొంతులో వినిపించిన భయం అదేనేమో. అదే అయితే ఒక్కదానివే మింగకు, నాతో చెప్పుకో. రిపోర్టు రాగానే డాక్టరమ్మ దగ్గర ఇద్దరం కూర్చుని అడుగుదాం.

ఆదివారం ఫోన్ చెయ్యి. ముందు నీ సంగతి చెప్పు, నా కౌంట్ తర్వాత.

అమ్మ