రీగాలో ఉన్న చిన్నాకు

చి. చిన్నాకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మామ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే. వెనకింటి వాళ్ళు గోడ కట్టేశారు, గొడవ తీరింది.

ఆదివారాలు నువ్వు ఫోన్ ఎత్తడం లేదని అమ్మకి టెన్షన్. నాకేం లేదు. కాకపోతే మొన్న పెళ్ళిలో శాంతత్తయ్య పంక్తిలో అందరూ వినేలా, "మీవాడు అక్కడ రాత్రిళ్ళు తోడేలు అవుతున్నాడటగా!" అంది. అమ్మ పులిహోర అలాగే వదిలేసి చెయ్యి కడుక్కుంది. తర్వాత బుజ్జిగాణ్ణి నిలదీశాను. అది పాచికలతో బల్ల చుట్టూ కూచుని, తోడేళ్ళుగా మారేవాళ్ళ పాత్రలు వేసుకుని ఆడే ఆట అట, పేరు వేర్‌వుల్ఫ్: ది అపోకలిప్స్ అట. అందులో నువ్వు గాలియర్డ్‌వి, అంటే గుంపుకి కథలు చెప్పేవాడివట. బాగానే ఉంది, మన ఇంట్లో కథలు చెప్పని మగాడెవడు? కానీ మిగతావాళ్ళు కొట్లాడుతుంటే మీవాడు, అంటే ఆటలో నీ పాత్ర, అస్తమానం అంబ్రా అనే ఆత్మల లోకంలోకి పోదామంటాడట. ఆ ముక్క అమ్మకి చెప్పలేదు.

డిసెంబర్లో అక్కడ నాలుగు కాకుండానే చీకటటగా. విటమిన్ డి వేసుకుంటున్నావా?

ఆట వచ్చింది 1992లో. దాదాపు మూడొందల ఏళ్ళ ముందు, 1691లో, మీ లాత్వియాలోనే, అప్పుడు స్వీడన్ ఏలుబడిలో ఉన్న లివోనియాలో, యుర్గెన్స్‌బర్గ్ కోర్టుకి థీస్ అనే ముసలాయన వచ్చాడు. ఎనభై దాటాయి. చర్చిలో దొంగతనం కేసులో ఉత్త సాక్షి. ఆయన చేత ప్రమాణం చేయించబోతే పక్కనున్న ఇంకో సాక్షి నవ్వాడు. ఏమయ్యా అంటే, ఈయన తోడేలని ఊరందరికీ తెలుసుగా అన్నాడు. ముసలాయన కాదనలేదు! పైగా మొదలెట్టాడు. మేం దేవుడి వేటకుక్కలం, ఏడాదికి మూడుసార్లు నరకానికి పోతాం, మంత్రగాళ్ళు ఎత్తుకుపోయిన పంటని వాళ్ళతో కొట్లాడి వెనక్కి తెస్తాం అని. ఆ నరకంలోనే ఒకడు చీపురుకర్రతో కొట్టి ఈయన ముక్కు విరగ్గొట్టాడట. జడ్జీలు ఈయనకి మతి సరిగానే ఉందా అని అడిగితే, ఊరివాళ్ళు నిక్షేపంలా ఉందన్నారు. పశ్చాత్తాపపడమని పాస్టర్ వస్తే, నువ్వింకా కుర్రాడివి, నీకంటే నాకే బాగా తెలుసు అన్నాడు. చివరికి కొరడా దెబ్బలు కొట్టి ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు.

లెక్చర్ ఇద్దామని కాదు. ఆయన పోయింది గింజల కోసం, పోయినప్పుడల్లా వాటితో తిరిగొచ్చాడు. మీవాడు అక్కడికి ఏం తేవడానికి పోతున్నాడో నువ్వు తేల్చుకోవాలి. ఊరికే చూడ్డానికి పోయేవాడు కథలేం చెబుతాడు? గుంపు ఇవతల ఉంటే అవతల ఎవరికి చెబుతాడు? సుబ్బారావు బాబాయి విషయం నీకు చెప్పక్కర్లేదు. ఆయనకి అటు వెళ్ళడం బాగా అలవాటైంది. అందుకే అడుగుతున్నాను, అంతే. నిద్రపోతున్నావా? క్లాసులకి పోతున్నావా? రూములో ఒక్కడివే ఉంటున్నావా, ఆ కేరళ అబ్బాయి ఇంకా ఉన్నాడా?

కందిపొడి, గోంగూర పంపుతున్నాం. మంకీ క్యాప్ కూడా పెట్టాను, నవ్వకుండా పెట్టుకో. ఆట ఉండే రాత్రి ముందే చెబితే ఆ టైముకి అమ్మ ఫోన్ చెయ్యకుండా నేను చూసుకుంటాను. మిగతా రోజులు ఎత్తు.

నాన్న

తా.క. ఆ పాచికలకి పది ముఖాలుంటాయటగా. డబ్బులు పెట్టి ఆడటం లేదు కదా?